ఉమ్మడి మురుగునీటి వ్యవస్థ: చిన్న ఊళ్లు ఖర్చును న్యాయంగా పంచుకోవడం ఎలా?

పక్కపక్కనున్న చిన్న ఊళ్లు ఎవరికి వారు మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టుకోవడం కన్నా అందరూ కలిసి ఒకటి కట్టుకోవడం సాధారణంగా చౌక. కేంద్రం సామర్థ్యం రెట్టింపైతే కట్టుబడి ఖర్చు రెట్టింపు కాదు, ఇంజనీర్లు తొలి అంచనాలకు వాడే లెక్క ప్రకారం సుమారు ఒకటిన్నర రెట్లే అవుతుంది. అలా మిగిలిన సొమ్ము ఏ ఊరికి ఎంత దక్కాలన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. జనాభా లెక్కన పంచుకుందామన్నది అందరికీ ముందుగా తోచే మాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది గానీ, పొత్తు చెడడానికి చాలాసార్లు అదే కారణమవుతుంది.

ముందుగా మొత్తం ఖర్చును ఒకే పద్దుగా చూడడం మానేసి, ఏ ఖర్చు దేనివల్ల పుడుతుందో విడదీయాలి. ప్రధాన గొట్టపు మార్గాన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగం ఖర్చును దానిగుండా నీరు పంపే ఊళ్లకే వేయాలి. కేంద్రానికి ఆనుకుని ఉన్న ఊరు తనకు అవసరం లేని దూరపు గొట్టానికి డబ్బు కట్టనక్కరలేదు. గొట్టం వ్యాసాన్ని నిర్ణయించేది అత్యధిక ప్రవాహం కాబట్టి, దాని ఖర్చును సగటు వాడకం మీద కాక ప్రతి ఊరూ తన కోసం కేటాయించుకున్న గరిష్ఠ సామర్థ్యం మీద పంచాలి. కేటాయించుకున్న సామర్థ్యాన్ని ఇంకా వాడకపోయినా దానికి సంబంధించిన రుణ వాయిదా ఆ ఊరిదే, ఎందుకంటే ఆ ఊరు వదులుకోనంతవరకూ ఆ చోటును మరొకరికి ఇవ్వడానికి వీలుండదు.

నిర్వహణ ఖర్చుకు వేరే కొలమానాలు కావాలి. పంపుల కరెంటు ఖర్చు నీటి పరిమాణాన్ని బట్టి, గాలి పంపే బ్లోయర్ల కరెంటు ఖర్చు ముఖ్యంగా బీఓడీని, అంటే నీటిలోని సేంద్రియ మలినాల భారాన్ని బట్టి, బురద తొలగింపు ఖర్చు ఆ భారంతో పాటు నీటిలో తేలియాడే ఘనపదార్థాలను బట్టి మారతాయి. ఒక ఊళ్లో పాల శుద్ధి కర్మాగారమో కబేళానో ఉంటే, నీరు తక్కువగా పంపినా దాని భారం పక్క ఊరి భారాన్ని మించిపోవచ్చు. సిబ్బంది జీతాలు, ప్రయోగశాల ఖర్చు ప్రవాహంతో పెద్దగా మారవు కాబట్టి వాటిని కేటాయించుకున్న సామర్థ్యం మీద పంచడమే మేలు.

ఈ లెక్కలన్నీ కొలత మీద ఆధారపడినవే. ప్రతి ఊరి నీరు ప్రధాన గొట్టంలో కలిసే చోట ప్రవాహ మీటరు ఉండాలి, 24 గంటల పొడవునా కొద్దికొద్దిగా తీసి కలిపిన నమూనాలను ఏడాదిలో వేర్వేరు కాలాల్లో పరీక్షించాలి. ఊరంతా నిద్రపోయే తెల్లవారుజాము 3 గంటలకు, రాత్రిపూట నడిచే కర్మాగారమేదీ లేకపోయినా, మ్యాన్‌హోల్‌లో నీరు ధారగా పారుతూనే ఉంటే అది పగిలిన గొట్టాల్లోకి ఊరుతున్న భూగర్భజలమని అనుమానించవచ్చు. ఇక వాన పడగానే ప్రవాహం అమాంతం పెరిగితే ఇళ్ల పైకప్పుల నీరో, వీధి కాలువల నీరో మురుగు గొట్టాల్లోకి చేరుతోందని అర్థం. ఈ నీటికి కూడా అది పంపిన ఊరే చెల్లించాలి. లేకపోతే గొట్టాలు బాగుచేయించుకున్న ఊరు, చేయించుకోని ఊరి భారాన్ని ఏళ్ల తరబడి మోయవలసి వస్తుంది. నా దృష్టిలో, మీటర్ల ఖర్చు దండగని వాదించే ఊరి గొట్టాలనే ముందుగా తనిఖీ చేయించాలి.

తేలిన వాటాలకు రెండు పరీక్షలు పెట్టాలి: ఏ ఊరూ విడిగా కట్టుకుంటే అయ్యేదానికన్నా ఎక్కువ చెల్లించకూడదు, తాను చేరడం వల్ల పెరిగిన ఖర్చుకన్నా తక్కువా చెల్లించకూడదు. ఊహాజనితంగా 6,000, 2,500, 1,500 జనాభా ఉన్న మూడు ఊళ్లను తీసుకుందాం. విడిగా కట్టుకుంటే వరుసగా 60, 50, 45 లక్షలు, కలిసి కట్టుకుంటే 110 లక్షలు అవుతాయనుకుందాం. జనాభా లెక్కన పెద్ద ఊరి వాటా 66 లక్షలు, అంటే కలిసినందుకు దానికి నష్టమే. చిన్న ఊరి వాటా 16.5 లక్షలు. కానీ ఆ ఊరు లేకుండా మిగతా రెండూ 90 లక్షలతో కట్టుకోగలిగితే, అది చేరడం వల్ల పెరిగిన ఖర్చు 20 లక్షలు. అంటే మిగిలినవాళ్లు దానికి ఎదురు సొమ్ము ఇస్తున్నట్టే.

ఇలాంటి చోట ముందుగా ఒక్కో ఊరు చేరడం వల్ల పెరిగిన ఖర్చును దానికే వేయాలి. పై ఉదాహరణలో అవి వరుసగా 35, 25, 20 అనుకుంటే మొత్తం 80 లక్షలు. మిగిలిన 30 లక్షలను, విడిగా కట్టుకోకపోవడం వల్ల ఒక్కో ఊరికి ఇంకా మిగిలే లాభం (విడిగా అయ్యే ఖర్చులోంచి, చేరడం వల్ల పెరిగిన ఖర్చు తీసేస్తే వచ్చేది) నిష్పత్తిలో పంచాలి. ఇక్కడ ఆ లాభం ముగ్గురికీ 25 లక్షలే కాబట్టి తలా 10 చొప్పున, చివరి వాటాలు 45, 35, 30 లక్షలు అవుతాయి. బహుళార్థసాధక జలాశయాల ఖర్చు పంపకంలో ఇంజనీర్లు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఇది. విడిగా కట్టుకుంటే అయ్యే అంచనాలను మాత్రం ఏ ఊరికీ చెందని ఇంజనీరు చేతనే వేయించాలి, ఎందుకంటే ఎవరి అంచనా వారు వేసుకుంటే తమ వాటా తగ్గేలా వేసుకోవడం సహజం.

ఒప్పందంలో వాటాలను శాశ్వతంగా బిగించకూడదు. ఏడాది మొదట్లో అంచనా ప్రకారం చెల్లించి, చివర్లో మీటరు లెక్కలతో సరిచూసి తేడా సర్దుబాటు చేసుకోవాలి. సామర్థ్య కేటాయింపులను కొన్నేళ్లకోసారి సమీక్షించాలి, వాడని సామర్థ్యాన్ని మరో ఊరికి అమ్ముకోవడానికి వీలు కల్పించాలి. పాత యంత్రాలు మార్చడానికి ప్రత్యేక నిధిని మొదటి ఏడాది నుంచే జమచేయాలి. తర్వాత చేరే ఊరు, అప్పటికే మిగిలినవారు పెట్టిన పెట్టుబడిలో తన సామర్థ్యానికి తగిన వాటాను, తరుగుదల మినహాయించి, ప్రవేశ రుసుముగా చెల్లించాలి. తప్పుకునే ఊరు తన పేర ఉన్న రుణం తీరేదాకా వాయిదాలు కడుతూనే ఉండాలని, మీటరు లెక్క మీద వివాదం వస్తే ఎవరు తీర్పు చెప్పాలో, ఆ తీర్పు వచ్చేదాకా ఏ లెక్కన చెల్లించాలో కూడా తొలి సంతకాలకు ముందే రాసుకోవాలి.