పిల్లల పత్రికకు పంపిన వ్యాసం ఎందుకు తిరిగొస్తోంది?

సమస్య: "పాఠంలా ఉంది" అని వెనక్కి పంపారు

ఎడిటర్ల నుంచి ఎక్కువగా వచ్చే మాట ఇదే. రాసినవాళ్లు వెంటనే భాషను సరళం చేయడం మొదలుపెడతారు. అసలు తేడా అంతకు ముందే, విషయం ఎంచుకున్నప్పుడే జరిగిపోయి ఉంటుంది. 'కొండపల్లి బొమ్మలు' అని పేరు పెట్టుకుని కూర్చుంటే మొదటి వాక్యం "కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది" అనే వస్తుంది. ఆ తర్వాత చరిత్ర, తయారీ, ప్రాముఖ్యం. పది మార్కుల జవాబు సిద్ధం.

విషయాన్ని పిల్లలు అడిగే ఒకే ఒక్క ప్రశ్నగా మార్చండి. "ఏనుగు బొమ్మ ఇంత తేలిగ్గా ఉందేంటి?" ఎందుకంటే అది తెల్లపొణికి చెక్క. నిదానంగా వేడి చేసి అందులోని చెమ్మ పోగొడతారు. తొండం, కాళ్లు విడిగా చెక్కి అతికిస్తారు. అతుకులు కనబడకుండా రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపిన మక్కు పూస్తారు. ఆపైన రంగులు. ఇక్కడికే నాలుగు పేరాలు వచ్చాయి. ఆ ప్రశ్నకు పనికిరాని వాక్యం ఎంత ముద్దొచ్చినా కొట్టేయండి. జిల్లా పేరు కావాలంటే, పొణికి చెట్టు ఎక్కడ పెరుగుతుందో చెప్పేచోట ఇమిడిపోతుంది.

చివరగా మొదటి పేరా వేలితో మూసి చదవండి. ఏమీ లోటు అనిపించకపోతే వ్యాసం రెండో పేరా నుంచే మొదలవ్వాలి.

సమస్య: పిల్లలు సగంలో వదిలేస్తున్నారు

నాలుగో తరగతి పిల్లలెవరిచేతైనా పైకి చదివించండి. ఊపిరి అందక ఆగిన ప్రతిచోటా గీత పెట్టండి. చాలావరకు అక్కడ "కోసి, ఆరబెట్టి, చెక్కి, అతికించి" లాంటి గొలుసు ఉంటుంది. రెండు వాక్యాలుగా విడగొట్టండి. 'తయారు చేయబడుతుంది' అనేది 'తయారు చేస్తారు' కావాలి.

శాస్త్ర పదాలకు భయపడక్కర్లేదు. ముందు ఆకు ఎండలో ఏం చేస్తుందో చెప్పి, దాని పేరే కిరణజన్య సంయోగక్రియ అనండి. ఇంగ్లీషు మీడియం పిల్లల కోసం ఫొటోసింథసిస్ అని కూడా ఒక్కసారి అంటే చాలు. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడన్నా, 150 కోట్లు అన్నా పిల్లలకు ఒకటే. సూర్యుడి వెలుగు మన దగ్గరికి రావడానికి 8 నిమిషాలకు పైగా పడుతుందంటే గుర్తుంటుంది.

సమస్య: అచ్చయ్యాక తప్పు బయటపడింది

పాత పుస్తకం చూసి రాయడం ఒక కారణం. ప్లూటోను 2006లోనే గ్రహాల జాబితా నుంచి తీసేశారు. నేలపట్టు పక్షుల కేంద్రం 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు పుస్తకాల్లో నెల్లూరు అనే ఉంటుంది.

ఇంకో కారణం ఎత్తిరాతలు. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనబడుతుందన్నది అబద్ధం. పది చోట్ల కనిపించినా, పదిమందీ ఒకరిని చూసి ఒకరు రాస్తే అది ఒక్క ఆధారం కిందే లెక్క.

ప్రతి వాక్యం పక్కన, అది ఎక్కడ దొరికిందో పెన్సిల్‌తో రాసుకోండి. ఖాళీగా మిగిలినవాటిని తేల్చుకోండి, లేదా తీసేయండి. అంతరిక్షం గురించైతే నేరుగా ఇస్రో, నాసా వెబ్‌సైట్లే చూడాలి. శని ఉపగ్రహాల సంఖ్య లాంటివి మారుతూ ఉంటాయి కాబట్టి, ఏ నెలనాటి లెక్కో వ్యాసంలోనే చెప్పండి.

సమస్య: తీసుకున్నారు, వెయ్యలేదు

గాలిపటాల వ్యాసం డిసెంబరు చివర్లో పంపితే సంక్రాంతి సంచికకు అందదు. మాసపత్రికకైతే మూడు నెలల ముందే పంపాలి. నిడివి కూడా చూసుకోండి: ఆ పత్రికలోనే అచ్చయిన మూడు వ్యాసాల్లో పదాలు లెక్కపెడితే వాళ్ల కొలత తెలుస్తుంది.

సమస్య: "ఫైలు పనికిరాలేదు"

పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే తరచుగా వత్తులు ఊడిపోతాయి. యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలు పంపండి. ఫొటోలు అందులో అతికించకుండా విడిగా ఇవ్వండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. సొంత రచనేనన్న హామీపత్రం కూడా జతచేయండి.