కాఫీలో కరిగే చాక్లెట్ పుల్లలు: ఇంట్లో తయారుచేసుకొనే పద్ధతి

చూడడానికి పుల్ల ఐసులాగే ఉంటుంది గాని, ఇది చప్పరించేది కాదు. వేడి కాఫీలో ముంచి నిమిషంసేపు ఉంచి తిప్పితే పుల్ల కొసన గడ్డకట్టిన చాక్లెట్ కరుగుతుంది. అందులో కలిపిన ఏలకుల, శొంఠి లేదా మిరియాల పరిమళం కాఫీకి పడుతుంది. తయారీ గంటలో ముగిసే పనే అయినా, చాక్లెట్‌కు నీరు, అదుపు తప్పిన వేడి ఈ రెండూ పడవన్న సంగతిని మొదటి నుంచి చివరి వరకు మనసులో ఉంచుకోవాలి.

బజారులో పలకలుగా దొరికే చాక్లెట్ రెండు రకాలు. కోకో వెన్న ఉన్నది అసలు చాక్లెట్. ఆ వెన్నకు బదులు ఇతర మొక్కల కొవ్వులు వాడినది కాంపౌండ్. కాంపౌండ్ చవక, పైగా కరిగించి అచ్చులో పోస్తే ఏ తంటా లేకుండా గట్టిపడుతుంది. కేకుల మీద పూతకు అది సరిపోతుందేమో గాని కాఫీకి నేను సిఫారసు చేయను, ఎందుకంటే అది కరిగాక కాఫీ మీద జిడ్డు తేలి, నాలుకకు మైనంలా అంటుకుంటుంది. కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే మన ఒంటి వేడికన్నా తక్కువలోనే కరిగిపోతుంది కాబట్టి ఆ చిక్కు అంతగా ఉండదు. పొట్లం వెనుక ఉన్న పదార్థాల జాబితాలో ‘కోకో బటర్’ ఉందో, ‘హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్’ ఉందో చూసి కొనడం మంచిది. పాలు ఎక్కువగా పోసుకొనే ఫిల్టర్ కాఫీకి 55 నుంచి 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్, పాలు లేని కాఫీకి మిల్క్ చాక్లెట్ నప్పుతాయి. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడన పండే కోకోతో చేసిన పలకలు దొరికితే, వాటిని అరకు కాఫీతో జతచేయడం నాకు ఇష్టం.

200 గ్రాముల చాక్లెట్‌తో, ఒక్కొక్కదానికి 20 గ్రాముల చొప్పున, 10 పుల్లలు వస్తాయి. పలకను కత్తితో సన్నగా తరిగి, అందులో మూడింట రెండు వంతులను చెమ్మ ఏమాత్రం లేని స్టీలు గిన్నెలో వేయాలి. వేరొక గిన్నెలో కొద్దిగా నీళ్లు మరిగించి, పొయ్యి ఆపివేసి, చాక్లెట్ గిన్నె అడుగు నీటికి తగలకుండా దానిపై ఉంచి, పొడి గరిటెతో నెమ్మదిగా కలుపుతూ కరిగించాలి. డార్క్ చాక్లెట్ 45 నుంచి 50 డిగ్రీలకు, మిల్క్ చాక్లెట్ 40 నుంచి 45 డిగ్రీలకు చేరగానే గిన్నెను దించి, అడుగున పట్టిన ఆవిరి చెమ్మను బట్టతో తుడిచి, మిగిలిన మూడో వంతు ముక్కలను అందులో వేసి కలుపుతూ పోవాలి. పాలలో తోడు చుక్క వేయడం లాంటిదే ఈ పని: కరగని ముక్కల్లోని కోకో వెన్న స్ఫటికాలు తక్కిన చాక్లెట్‌ను కూడా తమ క్రమంలోకే తెచ్చుకుంటాయి. డార్క్ 31-32 డిగ్రీలకు, మిల్క్ 29-30 డిగ్రీలకు దిగినప్పుడు అది సిద్ధమైనట్టు. థర్మామీటరు లేనివారు కత్తి కొసను ముంచి పక్కన పెట్టి చూడవచ్చు. చల్లని గదిలో ఐదారు నిమిషాలకే మెరుపుతో గట్టిపడితే పదును కుదిరింది. ఎలాగూ కాఫీలో కరిగేదానికి ఇంత శ్రమ ఎందుకని అనిపించవచ్చు. ఈ పదును లేని చాక్లెట్ వేళ్లకు అంటుతుంది, అచ్చు నుంచి సరిగా ఊడిరాదు, కొద్ది రోజుల్లోనే దానిపై బూడిదరంగు చారలు తేలతాయి.

ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ ఇసుకముద్దలా బిగుసుకుపోతుంది. అప్పుడు దాన్ని పారవేయనక్కరలేదు. వేడి పాలు చెంచా చెంచాగా పోస్తూ కలిపితే చిక్కని సాస్‌గా మారుతుంది. పుల్లలకు పనికిరాదు గాని, అదే రోజు కాఫీలో వేసుకోవచ్చు.

పరిమళ ద్రవ్యాలు పొడిగా ఉండాలన్న నియమం కూడా ఇందుకే. నీళ్లతో చేసిన వెనిల్లా ఎసెన్సు, రోజ్ వాటర్ చాక్లెట్‌ను బిగిస్తాయి. ద్రవం కావాలంటే నూనెలో చేసిన ఫ్లేవర్లను మాత్రమే వాడాలి. 200 గ్రాములకు ఏలకుల పొడి అయితే అర టీస్పూను, శొంఠి లేదా దాల్చినచెక్క పొడి కూడా అంతే, మిరియాల పొడి పావు టీస్పూను చాలు. ఈ పొడులు కరిగేవి కావు కాబట్టి పలుకులుగా ఉంటే కప్పు అడుగున గసిలా మిగులుతాయి. పలుచని బట్టలో జల్లించి వస్త్రగాళితం చేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. అరకులో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదికే మిరియాల తీగలను పాకిస్తారు, బహుశా అందువల్లనేమో నాకు మిరియాల ఘాటు ఆ కాఫీకి పరాయిగా తోచదు. కమలాపండు తొక్కను వాడేవారు లోపలి తెల్లని పొరను గీకివేసి, గలగలలాడేంతగా ఎండబెట్టి పొడి చేసుకోవాలి. ఉప్పును లోపల కలపకుండా, అచ్చులో పోసిన తరువాత పైన నాలుగు రవ్వలు చల్లితే సరి.

అచ్చులకు సిలికాన్ ఐస్ ట్రే అనుకూలం. అది లేకపోతే చిన్న టీ పేపరు కప్పులు వాడి, గట్టిపడ్డాక కాగితాన్ని చింపివేయవచ్చు. పోసిన వెంటనే ట్రేను బల్లమీద రెండు మూడుసార్లు తట్టి గాలిబుడగలను పోగొట్టి, చాక్లెట్ కాస్త చిక్కబడ్డాక ఐస్‌క్రీము పుల్లలను గుచ్చాలి, లేకుంటే అవి ఒరిగిపోతాయి.

మన వేసవిలో గది వేడి చాలాచోట్ల 34 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ రోజుల్లో ఏసీ గదిలో తప్ప ఇది చేయడం కష్టం. డిసెంబరు, జనవరి ఉదయాలు అన్నింటికన్నా అనువైనవి. ఫ్రిజ్‌లో దాచేటప్పుడు ఒక్కొక్క పుల్లనూ బటర్ పేపరులో చుట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టాలి. బయటికి తీశాక డబ్బాను గది వేడికి వచ్చేదాకా తెరవకూడదు. వెంటనే తెరిస్తే చాక్లెట్ మీద చెమ్మ పట్టి, పైన ఉన్న పంచదార కరిగి, ఆరిన తరువాత తెల్లని గరుకు పొరగా మిగులుతుంది.

150 మిల్లీలీటర్ల కాఫీకి ఒక పుల్ల సరిపోతుంది. చక్కెర ముందుగా వేయకుండా, చాక్లెట్ కరిగాక రుచి చూసి అవసరమైతేనే కలుపుకోవాలి. డికాషన్ మామూలుకన్నా చిక్కగా ఉండాలి, పాలు అప్పుడే పొంగినవై ఉండాలి. చల్లని కాఫీలో ఈ పుల్ల కరగదు. అలా తాగాలనుకుంటే ముందుగా కొద్దిపాటి వేడి డికాషన్‌లో దాన్ని పూర్తిగా కరిగించి, ఆ తరువాతే చల్లని పాలు పోసుకోవాలి.