విదేశాల్లో చదువుకు ఎలా సిద్ధం కావాలి? ముందు ఇంటిపేరు సరిచూసుకోండి

ఏటా వేసవిలో రాజాం, చీపురుపల్లి, టెక్కలి వైపుల నుంచి పిల్లలు ఫైళ్ళు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. మంచి మార్కులుంటాయి, కొందరి చేతిలో అడ్మిషన్ లెటర్ కూడా ఉంటుంది. పని ఆగిపోయేది మాత్రం పేరు దగ్గర. పదిహేనేళ్ళుగా అదే తప్పు చూస్తున్నాను. అందుకే మొదటి నుంచి వరసగా రాస్తున్నాను.

కావలసినవి: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, సెమిస్టర్ మెమోలు, ఆధార్, పాస్‌పోర్టు. ఒరిజినల్స్ ఒక ఫైల్లో, మూడేసి జిరాక్సులు ఇంకో ఫైల్లో పెట్టుకోండి. స్కాన్ కాపీలు మీ మెయిల్లోనే ఉండాలి, నెట్ సెంటర్ కంప్యూటర్లో వదిలి రావద్దు.

1. దేశం, కోర్సు

ఆగస్టు, సెప్టెంబరుల్లో క్లాసుల్లో కూర్చోవాలంటే ఏడాదిన్నర ముందే మొదలుపెట్టాలి. యూనివర్సిటీలు ఐదు చాలు. పదిహేనింటికి అప్లై చేసినవాళ్ళు ఒక్కదానికైనా ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) శ్రద్ధగా రాయగా నేను చూడలేదు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు ట్యూషన్ ఫీజు తీసుకోవు. కానీ 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మీ చదువు కాగితాలు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చేది) తప్పనిసరి.

కన్సల్టెన్సీకి వెళ్ళకండి. ఫ్రీగా చేసి పెడతామనేవాళ్ళలో చాలామందికి మిమ్మల్ని చేర్చుకున్న యూనివర్సిటీయే కమీషన్ ఇస్తుంది. కమీషన్ రాని చోటును వాళ్ళు మీకు ముందుగా చూపించరు. పైగా ఫారం అక్కడ పనిచేసే కుర్రాడెవరో నింపుతాడు. మీ ఇంటిపేరు ఏదో, సొంత పేరు ఏదో అతనికి ఎలా తెలుస్తుంది?

2. పాస్‌పోర్టులో పేరు

ఇక్కడ తొందరపడకండి. మన పదో తరగతి మెమోల్లో ఇంటిపేరు ముందుంటుంది, సొంత పేరు తర్వాత వస్తుంది. కొందరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కొందరికి ఒక్క అక్షరమే. పాస్‌పోర్టు ఫారంలో గడులు రెండు: సర్‌నేమ్, గివెన్ నేమ్. సర్‌నేమ్ అంటే ఇంటిపేరు, పొడి అక్షరం కాకుండా పూర్తిగా రాయాలి. పేరు చివరి రావు, నాయుడు, కుమారి ఇంటిపేర్లు కావు, వాటిని సొంత పేరుతోనే ఉంచండి.

సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో మీ పేరంతా సర్‌నేమ్‌లోకి పోతుంది. సొంత పేరు ఉండాల్సిన చోట ఎఫ్ ఎన్ యు అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అక్కడికి వెళ్ళాక బ్యాంకు ఖాతాలో, డ్రైవింగ్ లైసెన్సులో కూడా అదే వెంటపడుతుంది.

తర్వాత స్పెల్లింగ్. అప్పలనాయుడులో 'పి' ఒకటా, రెండా? నాయుడులో 'ఎ' తర్వాత 'ఐ' ఉందా, 'వై' ఉందా? లక్ష్మిలో 'కె ఎస్ హెచ్' ఉందా, 'ఎక్స్' ఉందా? మెమో పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూడండి. మీరు చూశాక ఇంట్లో ఇంకొకరి చేత బయటికి చదివించండి. మన కళ్ళు మన పేరును అలవాటుగా చదివేస్తాయి, తప్పు కనబడదు.

రెండేళ్ళ క్రితం మా వీధిలో ఒక అమ్మాయికి నెట్ సెంటర్‌లో ఫారం నింపించారు. ఇంటిపేరు గడి ఖాళీ. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు మాత్రం తను మెమోలో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా రాసింది. పరీక్ష రోజు తెల్లారకముందే విజయనగరంలో రైలెక్కి విశాఖ వెళ్తే, పాస్‌పోర్టులో పేరు వేరుగా ఉందని లోపలికి రానివ్వలేదు. కట్టిన వేల రూపాయల ఫీజు పోయింది. సాయంత్రం వాళ్ళమ్మ ఆ పాస్‌పోర్టు నా ముందు తెరిచి పెట్టి, "ఇది దాని పేరే కదా మాస్టారూ, తప్పేటుంది?" అని అడిగింది. ఆవిడకు జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

మెమోలోనే తప్పుంటే చదివిన బడి హెడ్‌మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టాలి. దానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ముందు ఆ పని చూడండి. తర్వాత ఆధార్, ఆ తర్వాత పాస్‌పోర్టు, చివరికి పరీక్షలు. ఈ వరస మార్చకండి. పాస్‌పోర్టు ఇప్పటికే తప్పుగా వచ్చి ఉంటే రీఇష్యూకు, అంటే సరిచేసిన కొత్త పాస్‌పోర్టుకు పెట్టండి. 36 పేజీలదానికి ఫీజు 1,500 రూపాయలు. నోటరీ అఫిడవిట్‌తో సరిపోతుందని చెప్పేవాళ్ళుంటారు. ఆ కాగితం కొన్ని చోట్ల చెల్లుతుంది, వీసా దగ్గర దాన్ని నమ్ముకోవద్దు.

పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజే ఫొటో పేజీ అడుగున ఉన్న రెండు లైన్లు చూడండి. మొదటి లైనులో 'ఐ ఎన్ డి' తర్వాత ఇంటిపేరు, రెండు బాణం గుర్తులు, ఆ తర్వాత సొంత పేరు ఉండాలి.

3. పరీక్షలు, ట్రాన్‌స్క్రిప్టులు

ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్ళు, జీఆర్‌ఈ (పీజీ ప్రవేశానికి రాసే పరీక్ష) స్కోరు ఐదేళ్ళు చెల్లుతుంది. ట్రాన్‌స్క్రిప్టులు, అంటే అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపి యూనివర్సిటీ ఇచ్చే పత్రాలు, మీ సర్టిఫికెట్ మీద ఉన్న యూనివర్సిటీ నుంచే తేవాలి. విజయనగరం జేఎన్‌టీయూ 2022లో కాకినాడ జేఎన్‌టీయూ నుంచి విడిగా ఏర్పడింది. పాత డిగ్రీవాళ్ళు కాకినాడ వెళ్ళాలి.

4. డబ్బు

ఉద్దానంలో జీడితోట ఉంది, తాకట్టు పెడదాం అనుకుంటారు. వ్యవసాయ భూమిని సర్ఫేసీ చట్టం (బ్యాంకులు బాకీ వసూలుకు వాడే చట్టం) కింద జప్తు చేసే వీలు లేదు, అందుకే చాలా బ్యాంకులు చదువు లోనుకు దాన్ని తీసుకోవు. ఇల్లో, ఇంటి స్థలమో చూపాలి. బ్రిటన్ వీసాకు చూపే డబ్బు ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. బంధువుల దగ్గర తెచ్చి రెండు రోజుల ముందు వేస్తే పనికిరాదు. జర్మనీకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగల ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి.

5. వీసా, ప్రయాణం

అమెరికాకు యూనివర్సిటీ పంపే ఐ-20 ఫారం వచ్చాక సెవిస్ (అక్కడి ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు కట్టి హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్ళాలి. ముందు రోజే చేరుకోండి. కాన్సులేట్ ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది, పాత అడ్రసుకు ఆటో ఎక్కకండి. వీసా చేతికొచ్చాకే విమానం టికెట్ కొనండి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. ఒరిజినల్స్ ఫైలు చెకిన్ సూట్‌కేసులో వేయకుండా భుజాన వేసుకునే బ్యాగులో పెట్టుకోండి.