గత కాన్పు భయం వెంటాడుతుంటే ఈసారి ఆసుపత్రికి ఎలా సిద్ధపడాలి?

కిందటి కాన్పులో ప్రాణం మీదికి వచ్చినా, బిడ్డ దక్కకపోయినా, నొప్పులు పడుతుండగా ఎవరైనా కసురుకున్నా ఆ భయం అంత తేలిగ్గా పోదు. మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కగానే గుండె దడ, వణుకు రావచ్చు. దాన్ని పిరికితనం అనుకోకండి. పాత దెబ్బను శరీరం ఇంకా మరిచిపోలేదన్నమాట.

ముందుగా ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసుకోండి. జరిగినదంతా పూసగుచ్చినట్లు చెప్పనక్కర్లేదు. “కిందటిసారి చాలా భయపడ్డాను. లోపలి పరీక్ష చేసే ముందు చెప్పండి. చెయ్యి ఎత్తితే కాసేపు ఆపండి” అంటే చాలు. దాన్ని మీ తల్లీబిడ్డల కార్డులో పెట్టుకోండి. ఏడుపొచ్చి గొంతు పెగలకపోతే కాగితం చేతికిస్తే సరిపోతుంది.

ఈ సంగతి నొప్పులు మొదలయ్యేదాకా దాచుకోకుండా, నెలనెలా చూపించుకునేటప్పుడే చెప్పండి. విశాఖలోని కేజీహెచ్‌లోనో ఘోషాసుపత్రిలోనో అంతమంది మధ్య నోరు విప్పలేకపోతే, ముందే మీ ఏఎన్‌ఎంకో ఆశా కార్యకర్తకో చెప్పి ఉంచండి. ఇంట్లో ఎవరైనా కొడుతుంటే, వారు పక్కన లేనప్పుడు మాట్లాడాలని అడగండి. మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా ఉంది.

తర్వాత తోడు. ప్రభుత్వ కాన్పుల గదుల కోసం 2017లో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమం, తల్లి పక్కన ఆమెకు నచ్చిన తోడు ఉండాలంటుంది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. ధైర్యం చెప్పే మనిషినే ఎంచుకోండి. “లోకంలో నువ్వొక్కదానివే కంటున్నావా?” అనేవారు ఎంత దగ్గరి బంధువైనా ఆ గదిలో వద్దు. తోడు వచ్చినవారు చెయ్యి పట్టుకుని, నడుము రాసి, డాక్టరు చెప్పింది నెమ్మదిగా మళ్లీ వినిపిస్తే ఎంతో మేలు. అత్యవసరమైతే డాక్టర్లకు ఆగే వ్యవధి ఉండదు. అప్పుడు కూడా ఏం చేస్తున్నారో ఒక్క మాట చెప్పమని ముందే కోరవచ్చు.

కాన్పయ్యాక మొదటి రోజుల్లో కన్నీళ్లు రావడం మామూలే. దిగులు రెండు వారాలు దాటినా, పీడకలలు వదలకపోయినా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులో ఏ వేళైనా మాట్లాడవచ్చు. బాలింత తనకో బిడ్డకో హాని చేసుకోవాలనిపిస్తోందని అంటే, ఇంటివాళ్లు ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళితే నలుగురూ ఏమనుకుంటారోనని ఆలస్యం చేయవద్దు.