కరెంటు కంపెనీ గుర్తు కనిపించగానే నమ్మకండి (మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి వైపు వాళ్ల కోసం)

మా పెద్దమ్మకు మరాఠీ మాట్లాడటం బాగానే వచ్చు, చదవడమే రాదు. బిల్లు మీద గుర్తు చూసి "ఇది కరెంటోళ్లది" అనుకుంటుంది. పోయిన ఎండాకాలం ఎవడో అదే గుర్తు వాట్సాప్ డీపీగా పెట్టుకుని "ఈ రాత్రి తొమ్మిదిన్నరకి మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని పంపాడు. పాపం టెన్షన్‌తో ఫోన్ కలపబోతుంటే నేను ఇంట్లో ఉన్నాను కాబట్టి సరిపోయింది. సిరొంచలో ఇలా బొమ్మను బట్టి చదివేవాళ్లు ఇంటికొకరు ఉంటారు.

మరాఠీ రాసే దేవనాగరి లిపి మొత్తం నేర్చుకోనక్కర్లేదు, గుర్తు పక్కనుండే పేరొక్కటి గుర్తుపడితే చాలు. పాత మహారాష్ట్ర విద్యుత్ బోర్డును 2005 జూన్‌లో విడగొట్టారు. అందులోంచి వచ్చిన మూడు కంపెనీల పేర్లూ 'మహా'తోనే మొదలవుతాయి, అసలు తికమక అక్కడే. కాబట్టి 'మహా' తర్వాత ఏముందో చూడండి. 'నిర్మితి' ఉంటే కరెంటు తయారుచేసేది, చంద్రపూర్ థర్మల్ వీళ్లదే. 'పారేషణ్' ఉంటే పెద్ద టవర్ల లైన్లు చూసుకునేది. 'వితరణ్' ఉంటే మన ఇంటికి మీటర్ పెట్టి బిల్లు ఇచ్చేది. ఇంటి బిల్లు విషయంలో మనకు పని ఈ మూడోదానితోనే, మిగతా రెండింటి పేరుతో బిల్లు అడిగితే అది దొంగ వ్యవహారమే. ఇక స్తంభానికి కట్టే పుర్రె బొమ్మ రేకు ఏ కంపెనీదీ కాదు, ప్రమాదమని చెప్పే బోర్డు అంతే. చిన్నప్పుడు మేం దాన్నే కరెంటోళ్ల జెండా అనుకునేవాళ్లం!

పేరు సరిగ్గానే ఉన్నా అక్కడితో ఆగొద్దు, గుర్తును ఎవడైనా ఫోన్‌లో ఫొటో తీసి వాడుకోవచ్చు. మీ బిల్లు తీసి 'గ్రాహక్ క్రమాంక్' (అంటే వినియోగదారు నంబరు) అని ఉన్నచోట 12 అంకెల నంబరు చూడండి. బాకీ ఎంతుందో ఆ నంబరుతో మహావితరణ్ యాప్‌లో మీరే చూసుకోండి, మెసేజ్‌లో వచ్చిన లింకు మాత్రం నొక్కొద్దు. ఇంకో మాట, బిల్లు కట్టలేదని కరెంటు తీసేయాలంటే 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం ముందుగా 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అందుకే "ఈ రాత్రికే కట్" అన్నవాడి మాట అసలు పట్టించుకోకండి.

నది అవతల కాళేశ్వరం వైపు చుట్టాలుంటే వాళ్ల బిల్లుతో పోల్చుకోవద్దు, అక్కడి కంపెనీ వేరు. 2024లో దాని పేరు ముందున్న 'టీఎస్' కాస్తా 'టీజీ' అయింది, కాబట్టి పాత బిల్లు మీద టీఎస్ ఉన్నంత మాత్రాన అది నకిలీ కాదు.

అనుమానం తీరకపోతే మహావితరణ్ టోల్‌ఫ్రీ 1800-233-3435కి చేయండి. డబ్బు అప్పటికే పోయుంటే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, తర్వాత బ్యాంకుకు వెళ్లండి.