కచేరీ రికార్డింగుపై ఇంట్లో వీణ కలపడం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

తిరుపతిలో ఏ ఉత్సవంలోనో, మహతి కళాక్షేత్రంలోనో జరిగిన కచేరీ రికార్డింగులో గాత్రం చక్కగా పడి, వీణ వినీ వినబడకుండా పోవడం తరచూ జరుగుతుంది. ఆ వీణను ఇంట్లో మళ్లీ వాయించి పాత రికార్డింగుపై కలపాలనుకొనేవారు మొదట మంచి మైకు కోసం వెదుకుతారు. ఈ పనిలో వచ్చే చిక్కుల్లో చాలా భాగానికి కారణం మైకు కాదని, వాయించేవారు తమ చెవుల్లో ఏమి వింటున్నారన్నదేనని నా అనుభవం. అందువల్ల ఉన్న డబ్బులో ముందు ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేసు (మైకును, హెడ్‌ఫోన్లను కంప్యూటరుకు కలిపే పెట్టె), చెవులను పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్లు కొని, మిగిలినదానితో మైకు కొనుక్కోవడం మేలు.

వాయించినప్పుడు తాళం తప్పలేదు, తిరిగి వింటే వీణ వెనుకబడింది

ధ్వని కంప్యూటరులోకి వెళ్లి హెడ్‌ఫోన్లకు తిరిగి రావడానికి కొంత సమయం పడుతుంది. కంప్యూటరు ధ్వనిని సెకనుకు ఇన్ని శాంపిళ్లు (నమూనాలు) అని కొలిచి, వాటిని కొన్నేసి చొప్పున బఫరులో పోగుచేసి పంపుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగంలో 1,024 శాంపిళ్ల బఫరు ఒక్కటే దాదాపు 21 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తుంది; 128కి తగ్గిస్తే అది 3 మిల్లీసెకన్ల లోపే ఉంటుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే కాబట్టి అవి ఎంత ఖరీదైనవైనా ఈ పనికి వాడకూడదు. బెరింగర్ యూఎమ్2, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో వంటి చిన్న ఇంటర్‌ఫేసుల్లో మీ వాద్యాన్ని కంప్యూటరుతో పని లేకుండా నేరుగా చెవికి అందించే మీట ఉంటుంది. కొనేటప్పుడు మొదట చూడవలసింది ఆ మీటనే.

అయినా రికార్డయిన ట్రాకు జరిగి కనిపిస్తే, హెడ్‌ఫోను కప్పును మైకుకు ఆనించి, టక్ టక్‌మనే ట్రాకు ఒకటి వినిపిస్తూ రికార్డు చేయండి. రెండు ట్రాకులను పెద్దవి చేసి చూస్తే ఎన్ని మిల్లీసెకన్ల తేడా ఉందో కంటికే తెలుస్తుంది. ఉచితంగా దొరికే రికార్డింగు సాఫ్ట్‌వేరు ఆడాసిటీలో, ఈ ఆలస్యం మేరకు కొత్త ట్రాకును జరిపే సవరణ మొదట మైనస్ 130 మిల్లీసెకన్లుగా ఉంటుంది. మీ పరికరానికి సరిపడే అంకెను అక్కడ ఒకసారి సరిచేసుకొంటే చాలు.

వీణ శ్రుతి రికార్డింగు శ్రుతితో కలవడం లేదు

మా అమ్మాయి అయిదున్నర శ్రుతిలో పాడిన కచేరీ ఫైలును తెరిస్తే గొంతు బరువుగా, కాలం నిదానంగా వినిపించింది. నేను బిరడాలు తిప్పుతూ ఒక సాయంత్రమంతా వీణ తంతులు వదులు చేశాను. చివరికి తంతులు మెట్లపై గలగలలాడాయే తప్ప నాదం పలకలేదు. 48,000 శాంపిళ్ల వేగంలో రికార్డయిన ఫైలును, సాఫ్ట్‌వేరులో నేను తెరిచిన ప్రాజెక్టు 44,100 వేగంలో నడిపించడమే అసలు కారణం. అలా నడిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు దిగి, అయిదున్నర కాస్తా నాలుగున్నరకూ అయిదుకూ నడుమ పడుతుంది (ఇక్కడ ఒక్కో అర శ్రుతి ఒక స్వరస్థానం). అయిదు నిమిషాల కీర్తన సుమారు 26 సెకన్లు ఎక్కువ సాగుతుంది. కాబట్టి వీణను ముట్టుకొనే ముందే ఫైలు వేగాన్ని, ప్రాజెక్టు వేగాన్ని సరిపోల్చి చూడాలి. అవి సమానంగా ఉండి కూడా కొద్దిపాటి తేడా మిగిలితే, అది ఆనాటి తంబురా శ్రుతిలోని తేడాయే. అప్పుడు రికార్డింగును మార్చకుండా, గాయకులు ఆగినచోట వినిపించే తంబురాను పట్టుకొని వీణనే దానికి శ్రుతి చేయాలి.

పల్లవిలో కలిసింది, చరణం చివరికి జారిపోయింది

పాటను లాప్‌టాప్‌లో వింటూ వీణను ఫోనులో రికార్డు చేస్తే రెండింటి గడియారాలు వేర్వేరుగా నడుస్తాయి. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు జరుగుతుంది. హెడ్‌ఫోను రంధ్రం లేని యూఎస్‌బీ మైకును నేను సిఫారసు చేయకపోవడానికి ఇదే కారణం: వినేది ఒక పరికరంలో, రికార్డయ్యేది మరొకదానిలో అవుతుంది. రెండూ ఒకే ఇంటర్‌ఫేసు ద్వారా జరగాలి.

జారుడు గడియారాలది కాకపోతే, గాయకుల కాలమే సహజంగా పెరిగి తగ్గి ఉంటుంది. దానిపై యంత్రపు టిక్కులు పరచడం వృథా. పాట వింటూ ఆదితాళం ఎనిమిది అక్షరాలనూ చేత్తో వేస్తూ, ఆ చప్పుళ్లను వేరే ట్రాకులో ముందుగా రికార్డు చేసుకొని, మొదటి స్వరానికి ముందు ఒక ఆవర్తనం అదనంగా చేర్చుకోండి. వీణ వాయించేటప్పుడు చెవిలో ఆ చేతి తాళం ఉంటే ఎత్తుగడ ఎక్కడో వెదుక్కోనక్కరలేదు.

వీణ ట్రాకులో గాత్రం, గుర్రుమనే శబ్దం

గాత్రం హెడ్‌ఫోన్ల నుంచి కారి మైకులో పడుతోంది. చెవులను పూర్తిగా మూసేవి పెట్టుకొని శబ్దం తగ్గించండి. గుర్రు విషయంలో, చార్జరు తీసి లాప్‌టాప్‌ను బ్యాటరీపై నడపగానే అది ఆగిపోతే, తప్పు కరెంటు ఎర్తుది. ఆగకపోతే ఫ్యాను చూడండి. తిరుపతి ఎండల్లో ఫ్యాను ఆపి కూర్చోవడం కష్టమే కాబట్టి, మూడు నిమిషాల చొప్పున ముక్కలుగా వాయించడం ఉత్తమం. మా ఇంటి ముందు కొండకు వెళ్లే బస్సుల హోరు తగ్గేది రాత్రి బాగా పొద్దుపోయాకే. నేను గదిలో బొంతలు వేలాడదీసి అప్పుడే పని చేస్తాను.

అంతా కలిసింది, కానీ వీణ అతికించినట్టు వినిపిస్తోంది

సభలోని గాత్రానికి ఆ సభ ప్రతిధ్వని ఉంటుంది, మీ వీణకు ఉండదు. మైకును వీణ కుండకు మరీ దగ్గరగా కాక ఒకటిన్నర అడుగు దూరంలో ఉంచి, సాఫ్ట్‌వేరులో 24 బిట్ల నాణ్యత ఎంచుకొని, ధ్వని మీటరు మైనస్ 12 డెసిబెళ్లు దాటకుండా రికార్డు చేయండి. తరువాత కొంచెం ప్రతిధ్వని చేర్చి, పైస్థాయి పదునును కాస్త తగ్గించండి. పాత వీణ లీలగా వినబడుతుంటే కొత్త వీణ గమకాలు కూడా దాని వెంటే నడవాలి; లేకుంటే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. ఆ సంగతులను విని విని నోటితో పాడగలిగాకే మైకు ముందు కూర్చోండి.