జ్వరం ఎప్పుడో పోయింది, కన్ను మాత్రం ఎర్రగానే ఉందా?

చేతులు కడుక్కోవడం, కన్ను నలపకపోవడం, తువ్వాలు వేరుగా పెట్టుకోవడం మీకు తెలిసినవే. వాటి జోలికి పోను. శ్రీకాకుళం జిల్లాలో కంటి శిబిరాలు తిరుగుతూ ఏళ్ళుగా చూస్తున్న ఒకే ఒక్క పొరపాటు గురించి రాస్తున్నా: ఎర్ర కన్ను అనగానే కళ్ళకలకే అనుకుని, అంతకుముందు వచ్చిపోయిన జ్వరాన్ని మర్చిపోవడం.

సమస్య: పది రోజులైంది, చుక్కల మందు వేసినా ఎరుపు తగ్గలేదు

ముందు ఒక పని చేయండి. బాగున్న కన్ను అరచేత్తో మూసి, ఎర్రబడిన కంటితో గోడ మీది క్యాలెండర్ అంకెలు చదవండి. అర నిమిషం పని. దాదాపు ఎవరూ చేసి రారు! రెండు కళ్ళూ తెరిచి చూస్తే మంచి కన్ను రెండో దాని లోటు కప్పేస్తుంది.

పుసులు కట్టి పొద్దున్నే రెప్పలు అంటుకుపోతూ, చూపు బాగానే ఉంటే అది మామూలు కళ్ళకలక. రెండు వారాల్లో దానంతటదే పోతుంది. పుసి లేదు, వెలుగు చూడలేకపోతున్నారు, లోపల సలుపు, అంకెలు మసక, ఎరుపు నల్లగుడ్డు చుట్టూ వలయంలా ఉంది అంటే ఇక మందుల షాపుకి వెళ్ళకండి.

కారణం: మీరు మర్చిపోయిన జ్వరం

దీన్ని యువియైటిస్ అంటారు, కంటి లోపల ఉండే మధ్య పొర వాపు. చికున్‌గున్యా, డెంగీ తర్వాత రావచ్చు. పొలం నీళ్ళలో ఎలుకల మూత్రం నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ తర్వాతైతే కొన్ని నెలలకు కూడా వస్తుంది. ఇక్కడే అందరం దెబ్బతింటాం. నేనూ తిన్నాను.

పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఒకామె చీర కొంగు కంటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. జ్వరం వచ్చిందా అని అడిగితే లేదంది. కళ్ళకలకే అనుకుని పంపేశాను. వారానికి మళ్ళీ వచ్చింది. ఈసారి టార్చి వేసి చూస్తే కనుపాప గుండ్రంగా లేదు, ఒక పక్క వెనకున్న కటకానికి అతుక్కుపోయి, ఆమె ఒలిచే జీడిపిక్కలాగే వంకర తిరిగి ఉంది. మళ్ళీ అడిగాను. "ఉభాలప్పుడు వచ్చింది బాబూ, కీళ్ళు పట్టేసింది. అదెప్పుడో తగ్గిపోనాది కదా!" ఉభాలంటే వరి నాట్లు.

అప్పటినుంచి "జ్వరం ఉందా" అని అడగను. "ఉభాల నుంచి ఇప్పటిదాకా ఎప్పుడైనా మంచం పట్టావా అమ్మా" అని అడుగుతాను.

రక్తంలో క్రిమి పోయాక కంటికి ఏమవుతుందిలే అనుకుంటారు. కన్ను అలా కాదు. ఒంట్లో ఎక్కడైనా క్రిమి కనిపిస్తే రక్షక కణాలు మీద పడతాయి. అదే పోరు కంట్లో జరిగితే చూపే పోతుంది. అందుకే కన్ను వాటిని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. ఆ కాపలా తక్కువ గదిలో క్రిమి నక్కుతుంది. దీనికి పశ్చిమాఫ్రికాలో వేల ప్రాణాలు తీసిన వైరస్ జ్వరం ఎబోలాను మించిన ఉదాహరణ లేదు. 2014లో సియెరా లియోన్‌లో రోగులకు వైద్యం చేస్తూ ఎబోలా బారిన పడిన అమెరికన్ డాక్టర్ ఇయాన్ క్రోజియర్ అమెరికాలోని అట్లాంటాలో కోలుకున్నాడు, రక్తంలో వైరస్ లేదన్నారు. రెండు నెలలు తిరక్కుండా కన్ను ఎర్రబడింది. సూదితో కంటి లోపలి నీరు తీసి చూస్తే అందులో వైరస్ ఉంది, కన్నీళ్ళలో మాత్రం లేదు. కొన్నాళ్ళకు ఆ నీలి కన్ను ఆకుపచ్చగా మారింది. తర్వాత చూపు తిరిగొచ్చింది. వృషణాలు కూడా ఇలాంటి దాపే. అదే ఏడాది నవంబరులో లైబీరియా నుంచి ఢిల్లీలో దిగిన ఒక భారతీయుడికి రక్తం శుభ్రంగా ఉన్నా వీర్యంలో వైరస్ కనిపిస్తే వేరుగా ఉంచారు.

పరిష్కారం

ఆ రోజు కాకపోతే మర్నాడైనా స్లిట్ ల్యాంప్ (కన్ను పెద్దదిగా చూపించే వెలుగు యంత్రం) ఉన్న కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మీకొచ్చిన జ్వరం, ఎప్పుడొచ్చిందో, నోరు తెరిచి చెప్పండి. కనుపాప అతుక్కోకుండా విప్పే చుక్కలు, వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు ఇస్తారు, కంటి ప్రెషర్ చూస్తారు. ఎరుపు పోయిందని నాలుగో రోజే మందు మానేస్తే వాపు తిరగబెడుతుంది. డాక్టర్ చెప్పిన లెక్కలో వారాల తరబడి తగ్గిస్తూ ఆపాలి.

పక్కింటివాళ్ళ స్టెరాయిడ్ సీసా మాత్రం ముట్టుకోకండి. నూర్పుల్లో ఊక పడి పుండైన కన్ను కూడా ఇలాగే ఎర్రగా ఉంటుంది. అందులో ఫంగస్ ఉంటే ఆ చుక్కలతో నల్లగుడ్డు కరిగిపోతుంది.

మిగతావి

ఒక్కసారిగా తలపోటు, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు: కంటి ప్రెషర్ పెరిగింది, రాత్రయినా బయల్దేరండి. టీబీ, నడుము బిగుసుకుపోయే కీళ్ళవాతం వల్ల కూడా యువియైటిస్ వస్తుంది, అది డాక్టర్ వెతుకుతారు, మీకు టెన్షన్ వద్దు. ఇక ఎబోలా మన ఊళ్ళో వెతకాల్సింది కాదు. ఆఫ్రికాలో పనికెళ్ళి ఆ జబ్బు నుంచి బయటపడి వచ్చినవారైతే మాత్రం కంటికి ఆపరేషన్ అనగానే ముందు ఆ సంగతి సర్జన్‌కి చెప్పాలి. కోత పెట్టే ముందే కంటి నీరు పరీక్షించాలా అన్నది వాళ్ళు చూసుకుంటారు.